ముందు పొయ్యి దగ్గరి మనిషిని అడగండి

మా పని

జనాభా లెక్కల పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ పుస్తకం చదవాలి సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి సార్ అని అడుగుతారు. నాకు నవ్వొస్తుంది. ముప్పయ్యేళ్లు దాటి ఈ పనిచేసి నేను గట్టిగా నేర్చుకున్నది ఒకే ఒక్క సంగతి. దాన్ని మా పెద్దసారు నా ఉద్యోగం మొదటి వారంలోనే చెప్పారు. నేను చెవిన వేసుకోలేదు. అది నా బుర్రకెక్కడానికి ఒక దేశం మీదికి పక్కదేశం సైన్యం రావాల్సి వచ్చింది. అందుకే ప్రమోషన్లు, సన్మానాలు పక్కనపెట్టి ఆ సంగతే రాస్తున్నాను.

మాది రాజంపేట. కువైట్‌లో కొత్త పేటలకు ప్లాన్లు గీసే ఒక చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఏ పేటలో ఎంతమంది ఉన్నారు, ఇంకో పదేళ్లకు ఎంతమంది అవుతారు, వాళ్లకు బళ్లెన్ని కావాలి, నీళ్లెన్ని కావాలి అని లెక్క తేల్చడం నా వంతు. జాబ్రియాలో ఒక ఫ్లాటులో ఇంకో ఇద్దరు మనవాళ్లతో కలిసి ఉండేవాణ్ణి. పగలంతా ఇంటింటి కార్డులు, సాయంత్రం వంతులవారీ వంట. మా బతుకు అంతే.

మా పెద్దసారు పేరు ఆర్నె. నార్వే దేశపు ఉత్తరపు కొసన, చలికాలంలో రెండు నెలలు సూర్యుడు మొహమే చూపించని ఒక చేపలపల్లెలో పుట్టిన మనిషి. అలాంటి మనిషికి కువైట్ ఎండ! ఫింటాస్‌లో సముద్రం ఒడ్డున అద్దెకుండేవారు. ఆఫీసుకొచ్చేసరికి మొహం టమాటాలా కమిలి ఉండేది. నేను చేరిన వారంలోనే ఒకసారి మా ఫ్లాటుకు భోజనానికి పిలిస్తే రాగి సంగటి చేత్తో పిసికి, శెనగవిత్తనాల ఊరిమిండి పచ్చడితో మూడు ముద్దలు తిన్నారు. ఆ రోజునుంచి శుక్రవారం వస్తే ఆయన కారు మా మెట్ల ముందే. అరవడం తెలియని బాసు దొరకడం అదృష్టం. ఆయన నన్ను ఎనిమిదేళ్లలో ఒక్కసారే గట్టిగా మందలించారు. ఆ ఒక్కసారీ న్యాయమే.

రేవు కట్టిన ఊరు

సంగటి తిన్న రోజే ఆయన తన ఊరి కథ చెప్పారు.

చదువు అయిపోగానే ఆయనకు వాళ్ల ప్రభుత్వంలో ఉద్యోగం వచ్చిందట. అప్పట్లో అక్కడ పెద్ద వాదులాట. ఉత్తరాన సముద్రపు ఒడ్డున చెదురుమదురుగా ఉన్న చిన్నచిన్న ఊళ్లను ఖాళీ చేయించి, జనాన్ని పెద్ద ఊళ్లకు చేర్చాలని కొందరు. కాదు, రోడ్డూ రేవూ వేసి ఉన్నచోటే నిలబెట్టాలని ఇంకొందరు. ఏ ఊరు నిలుస్తుందో ఏది నిలవదో చూసి రమ్మని కుర్రాళ్లను పంపారు. ఆర్నె గారికి వాళ్ల సొంత తాలూకానే పడింది.

ఆయన ప్రతి ఇంట్లోనూ ముందుగదిలో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, పడవ యజమానిని అడిగారు. "ఊళ్లోనే ఉంటారా?" ఉంటామన్నారు. అందరూ ఉంటామనే అన్నారు. ఉండక, తాతల నాటి పడవలు వదిలి ఎక్కడికి పోతారు? ఈ ఊరు నిలుస్తుందని ఈయన రిపోర్టు రాశారు. ప్రభుత్వం నమ్మింది. సిమెంటు రేవు కట్టింది, చేపలు గడ్డకట్టించే ఫ్యాక్టరీ పెట్టింది, కొండ తొలిచి రోడ్డు వేసింది.

పదేళ్లు తిరిగేసరికి రేవు ఉంది, పడవలున్నాయి, ఊళ్లో పెళ్లికాని మగవాళ్లున్నారు. ఆడపిల్లలు లేరు. పై చదువుకని, నర్సు పనికని పట్నం వెళ్లినవాళ్లు ఒక్కరూ తిరిగి రాలేదు. అందరికన్నా ముందు వెళ్లింది ఆర్నె గారి చెల్లెలే. పసిపిల్లలు పుట్టని ఊళ్లో బడి ఎన్నాళ్లుంటుంది? మూసేశారు.

వాళ్లమ్మ తర్వాత చెప్పిందట. నువ్వు ముందుగదిలో మీ నాన్నను అడుగుతున్నప్పుడు నేను పక్కగదిలో పొయ్యి దగ్గరే ఉన్నాను. నీకు కాఫీ పెట్టింది నేనే. నన్నడిగుంటే చెప్పేదాన్ని, ఇక్కడ ఆడదానికి చేపలు కోయడం తప్ప పని లేదు, పురుడొస్తే డాక్టరు లేడు, నీ చెల్లెలు ఇంకో ఏడాది కూడా ఉండదు అని.

ఇది చెప్పేటప్పుడు ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. మిరపకాయ అన్నారు. మిరపకాయ కాదని నాకు తెలుసు. చెయ్యి కడుక్కుని వచ్చి నాతో అన్నారు: "ఏ ఇంటికి వెళ్లినా ముందు పొయ్యి దగ్గరి మనిషిని అడుగు, సుబ్బా. పెద్దమనిషిని తర్వాత అడగొచ్చు."

సరేనన్నాను. చలిదేశం గొడవ మనకెందుకులే అని మనసులో అనుకున్నాను.

అలా అనుకోవడానికి నాకో సాకు కూడా ఉంది. కువైటీల ఇళ్లల్లో పొయ్యి దగ్గర ఉండేది మన ఆడవాళ్లే. రాయచోటి, కడప, రాజంపేట వైపు నుంచి వచ్చిన పనిమనుషులు. మనవైపు మగవాళ్లకు ఒక మర్యాద ఉండేది. అరబ్బు ఇంటి తలుపు కొట్టి లోపల పనిచేసే ఆడమనిషి పేరు అడగకూడదు. అడిగితే ఎవడు వీడు, నీకేమవుతాడు అని ఆమెనే నిలదీస్తారు. ఆమె పని పోతుంది. ఊళ్లో కూడా అంతే, ఫలానావాళ్ల కోడలు కువైట్‌లో ఇంటిపని చేస్తోందని నలుగురిలో పేరుపెట్టి చెప్పేవాళ్లు కాదు. కాబట్టి మా ఇంటి కార్డులో కుటుంబపెద్ద పేరు, సభ్యుల పేర్లు రాసి, చిట్టచివర "ఇతరులు" అనే గడిలో ఒక అంకె వేసేవాణ్ణి. ఇతరులు, రెండు. ఇతరులు, మూడు. ఆ పేర్లు అడగకపోవడం నా దృష్టిలో సంస్కారం. నిజం చెప్పాలంటే సులువు కూడా.

నా జాబితా

ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చింది. ఒక్క పొద్దులో ఆఫీసు లేదు, జీతం లేదు, ఫోను లేదు. నా ఫ్లాటులోవాళ్లిద్దరూ సెలవు మీద ఊళ్లో ఉన్నారు కాబట్టి బతికిపోయారు. రెండు వారాలకు ఆర్నె గారు చంకలో రొట్టెలు పెట్టుకుని మా తలుపు కొట్టారు. తెల్లవాళ్లంతా వచ్చి లొంగిపోవాలని సైన్యం చాటించింది. ఈయన పోదలచుకోలేదు. వంటగదిలో చాప పరిచి ఇచ్చాను. కిటికీ దగ్గరికి రావద్దంటే బుద్ధిగా విన్నారు.

మనవాళ్లను బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేర్చి, అక్కడినుంచి విమానాల్లో ఇంటికి పంపే ఏర్పాటు మొదలైంది. మన ఎంబసీవాళ్లు పేటకొక జాబితా తయారుచేయమన్నారు. పాస్‌పోర్టు చేతిలో లేకపోయినా జాబితాలో పేరుంటే చాలు, బస్సెక్కిస్తారు. పేరు లేకపోతే లేదు. జాబ్రియా జాబితా నాకప్పగించారు. లెక్కల మనిషిని కదా!

నా దగ్గరున్న ఇంటి కార్డులు ముందేసుకున్నాను. మనవాళ్లు అద్దెకున్న ఫ్లాట్లన్నీ తిరిగాను. రెండు రోజుల్లో జాబితా సిద్ధం. ఒక్క కొట్టివేత లేకుండా, ఇంటిపేర్లతో సహా, ఇంగ్లీషులోనూ పక్కనే తెలుగులోనూ. గర్వంగా తీసుకెళ్లి ఆర్నె గారికి చూపించాను. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ ప్రతి పేజీ చదివారు.

"బకాలా మెట్ల మీద కూర్చుని నువ్వు ఉత్తరాలు రాసిపెట్టే ఆమె పేరు ఇందులో ఏ పేజీలో ఉంది?" అన్నారు.

బకాలా అంటే మా సందు మొదట్లో ఉన్న చిన్న కిరాణా కొట్టు. ఆమె పేరు హుసేన్‌బీ. ఊరు రాయచోటి. రెండు సందుల అవతల కువైటీల ఇంట్లో పని. రొట్టె కొనడానికి వచ్చినప్పుడు నాచేత వాళ్లమ్మకు ఉత్తరం రాయించుకునేది. రెండేళ్లు రాశాను. ఆమె తమ్ముడి నిఖా సంగతి, వాళ్ల పాడిబర్రె చూలు సంగతి అన్నీ నాకు తెలుసు. జాబితాలో ఆమె పేరు లేదు. ఆమెదే కాదు, ఒక్క పనిమనిషి పేరూ లేదు.

పేజీలు మళ్లీ మొదటినుంచి తిప్పాను.

"నేను చెప్పింది కథ అనుకున్నావా?" అన్నారాయన. ఆ ఒక్కసారి గొంతు పెంచింది అప్పుడే. బయట సైనికులు తిరుగుతున్నారని గుర్తొచ్చి వెంటనే తగ్గించుకున్నారు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. బస్సుకు ఇంకా నాలుగు రోజులుంది. జాబితా తిరగరాస్తానని చెప్పి బయటపడ్డాను.

మిద్దె మీద

హుసేన్‌బీ వాళ్ల మామా, అదే యజమానురాలు, పిల్లలతో సహా వేసవికి లండన్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో మిగిలింది ఆమె అత్తగారు, పెద్దమామా. నడుము పడిపోయి మంచం మీదే ఉంటుంది. చక్కెర జబ్బు. ఆ ముసలామె, హుసేన్‌బీ, అంత పెద్ద ఇల్లు. అంతే.

నేను వచ్చిన పని చెప్పగానే హుసేన్‌బీ ఏడవలేదు, తిట్టలేదు. "ఈ సందులో ఎంతమందిమి ఉన్నామో నీకు తెలీదులేన్నా" అని మిద్దె మీదికి పద అంది.

ఇంతకాలం నాకు తెలియని సంగతి ఇదే. పొద్దున పది గంటలకు జాబ్రియాలో ప్రతి మిద్దె మీదా ఒక ఆడమనిషి బట్టలు ఆరేస్తుంది. గోడకు గోడ పక్కనే. వాళ్ల ఊసులన్నీ అప్పుడే. ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరికి జీతం రాలేదు, ఎవరింటి మనుషులు సౌదీకి పారిపోయారు, అన్నీ ఆ తీగల మీదుగా నడిచేవి. ఎనిమిదేళ్లు నేను కింద రోడ్డు మీద కార్డులు పట్టుకుని తిరిగాను. ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

నన్ను మెట్లగది నీడలో కూర్చోబెట్టి కనబడొద్దంది. తను ఒక తడిదుప్పటి తీసుకుని తీగమీద వేసింది. పక్క మిద్దె మీదున్న లక్ష్మీదేవిని పిలిచి, నీ పేరు, మీ నాయన పేరు, మీ ఊరు చెప్పు అంది. ఆమె చెప్పింది. లక్ష్మీదేవి అవతలి మిద్దెమీది ఆమెను పిలిచింది. అలా పిలుపులు సందు చివరిదాకా వెళ్లి, పేర్లు వెనక్కి వచ్చాయి. హుసేన్‌బీ ప్రతి పేరూ రెండుసార్లు గట్టిగా చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. కింద సైనికుల జీపు వస్తే దుప్పటి తీసి పిండి మళ్లీ ఆరేసేది. ఆ ఎండకు అది ఎప్పుడో ఎండిపోయింది. ఎండిన దుప్పటినే పిండుతూ కూర్చుంది మహాతల్లి.

ఒక్క గంటలో ఇరవై మూడు పేర్లు. రెండు రోజుల్లో నా కాలితో తిరిగి నేను కనుక్కోలేనివి.

కాగితాలు మడిచాక, బుధవారం పొద్దున బస్సుకు రమ్మన్నాను. అప్పుడు చెప్పింది.

"వాళ్లను తీస్కపో అన్నా. పెద్దమామాను ఎవరికి అప్పజెప్పి రావల్ల నేను? మంచినీళ్లు కూడా అందుకోలేదామె."

ఎంత చెప్పినా వినలేదు. రాయచోటిలో వాళ్లమ్మ ఎదురుచూస్తుంటుందని అన్నాను. ఆ మాటకు మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చి ఆర్నె గారికి చెబితే, ఆయన, నేనెలాగూ ఎక్కడికీ పోలేను కదా, ఆ ఇంట్లో దాక్కుంటూ ఆ పెద్దావిడకు వండిపెడతానన్నారు.

పరాయి మగవాడు, తెల్లవాడు, అరబ్బు ముసలామె ఇంట్లోనా! నేను కుదరదన్నాను. హుసేన్‌బీ వెళ్లి నేరుగా పెద్దమామానే అడిగింది. ఆమె రెండే ప్రశ్నలు వేసిందట. అన్నం వండటం వచ్చా, గురక పెడతాడా అని. వాకిలి పక్కన మగవాళ్లు కూర్చునే దివానియా గదిలో ఉంచమంది. మా ఇంట్లో అతిథి, పట్టిస్తే నా పరువు పోతుంది అని కూడా అందట. స్నానం, బట్టల పనికి పక్కింటి కోడలు వస్తానంది. అప్పుడుగానీ హుసేన్‌బీ బస్సెక్కడానికి ఒప్పుకోలేదు.

మిట్టమధ్యాహ్నం, సైనికులంతా నీడపట్టున ఉన్న వేళ, హుసేన్‌బీ తెచ్చిన దిష్‌డాషా, అదే అరబ్బుల పొడవాటి అంగీ, తొడుక్కుని ఆర్నె గారు రెండు సందులు నడిచారు. అది ఆయన మోకాళ్ల కిందికి జానెడే దిగింది. వెనక నడుస్తూ నాకు భయమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. బస్సుకు మిగిలిన రెండు రోజులూ హుసేన్‌బీ ఆయనకు పని నేర్పింది. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు. చేత్తో చూపించడం, తెలుగులో గదమాయించడం. తప్పుచేస్తే గరిటె లాక్కునేది. నాకే బాసైన మనిషి తలొంచుకుని నేర్చుకున్నారు.

బస్సు దగ్గర

బుధవారం బడి ఆవరణలో మూడు బస్సులు నిలబడ్డాయి. సీట్లు ఎన్నో, పేర్లు అన్ని. నా జాబితాలో మొదటి పేరు నాదే. రాసినవాడి పేరు పైనుండాలని ఎంబసీవాళ్లే పెట్టించారు. ఇరవై మూడుమందీ మూటలతో వచ్చారు. హుసేన్‌బీ తన మూటతో చివర్లో వచ్చింది. పేర్లు పిలిచేలోపు నా చేతిలో కాగితాలు తీసుకుంది.

ఆమెకు చదువు రాదు. తన పేరు మాత్రం గుర్తుపడుతుంది. ప్రతి ఉత్తరం అడుగునా నేను రాసేవాణ్ణి కదా, రెండేళ్లు చూసి చూసి ఆ అక్షరాలు తెలుసు. వేలు పెట్టి ఒక్కో పేరూ దాటుకుంటూ ఆఖరి పేజీ దాకా వెళ్లింది. మళ్లీ మొదటి పేజీకి వచ్చింది.

"అందర్నీ రాసినావు. నన్ను రాయలేదేన్నా" అంది.

మిద్దెమీద తను చెప్పినవన్నీ రాశాను. తన పేరు తను చెప్పుకోలేదు. నేను అడగలేదు. రానంది కదా అనుకున్నానా, తెలిసిన మనిషే కదా అనుకున్నానా, ఈ రోజుకీ నాకు తెలియదు. ఒకే తప్పు వారంలో రెండుసార్లు. అది కూడా అదే మనిషి విషయంలో.

బస్సు దగ్గరున్న మనవాళ్లు, సీట్లు లెక్కే, పైన ఒక్కరు కూడా కుదరదన్నారు. నేను పెన్ను తీసి మొదటి పేజీలో మొదటి పేరు కొట్టేసి, దాని పక్కన హుసేన్‌బీ, రాయచోటి అని రాశాను. ఇదేదో త్యాగమని ఎవరూ అనుకోవద్దు. నాకు భయం వేసింది. కానీ ఆ కాగితం అలాగే ఇచ్చేసి బస్సెక్కి ఉంటే తర్వాత ఏ ఇంటి కార్డూ రాసే మొహం నాకు ఉండేది కాదు.

ఆమె వద్దంది, నా చెయ్యి పట్టుకుని గుంజింది. లక్ష్మీదేవి లోపలికి లాగేసింది. బస్సు కదిలాక హుసేన్‌బీ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. ఏడుస్తుందనుకున్నాను.

"చాయ్‌లో చక్కెర ఎయ్యొద్దన్నా! పెద్దమామా అడుగుతాది. ఎయ్యొద్దు! తెల్లసారుకు చెప్పు!"

ఉత్తరాన

తర్వాతి బస్సు దొరకడానికి మూడు వారాలు పట్టింది. అన్నాళ్లూ జాబ్రియాలో ఆ ఇంట్లోనే ఉన్నాను. అన్నం నేను, చేపలు ఆయన. పెద్దమామా రోజూ చక్కెర అడిగేది, రోజూ మమ్మల్నిద్దర్నీ తిట్టేది. నేను వచ్చేశాక ఆర్నె గారు ఆమె దగ్గరే ఉన్నారు. తెల్లవాళ్లను వదిలిపెట్టినప్పుడు పక్కింటి కోడలికి మందులు ఒప్పజెప్పి వాళ్ల దేశం చేరారు. యుద్ధం ముగిశాక హుసేన్‌బీ మళ్లీ అదే ఇంటికి పనికి వెళ్లింది. పెద్దమామా ఆమె చేతుల్లోనే పోయింది.

ఆర్నె గారు నన్ను తమ ఉత్తరపు ఊళ్ల సర్వేకి పిలిపించారు. ఏడేళ్లు అక్కడ చేశాను. ఇంటి కార్డులో మొదటి గడి మార్చాను: ఈ ఇంట్లో వండేది ఎవరు, ముందు వాళ్లను పిలవండి. చేపల ఫ్యాక్టరీ ఉన్న ఒక ఊరికి వెళ్తే, ఊరు ఖాళీ అయిపోతోందని పెద్దలు కంటతడి పెట్టారు. ఫ్యాక్టరీ మీది గదుల్లో సాంబారు వాసన వచ్చింది. శ్రీలంక నుంచి వచ్చిన తమిళులు. ఏళ్లతరబడి అక్కడే ఉండి, చేపలు కోసి, పిల్లల్ని కన్నారు. ఆ ఊరి కాగితాల్లో వాళ్లు వచ్చిపోయే కూలీలు. ఆ ఊరి బడి మూతపడకుండా ఉన్నది వాళ్ల పిల్లల వల్లే. పొయ్యి దగ్గరున్న ఒక తల్లిని అడిగాను, ఉంటారా అని. ఇళ్లు అద్దెకిస్తే ఉంటాం, ఇవ్వకపోతే పిల్లలతో రాజధానికి పోతాం అంది. రిపోర్టులో అది మొదటి పేజీలో రాశాను. రేవులూ రోడ్లూ వద్దని నేననను. అవి ఎవరికోసమో వాళ్లను అడిగి కట్టండి అంటాను. చిన్న ఊళ్లను ప్రేమించే పెద్దమనుషులు చాలామందిని చూశాను. అందులో సగంమందికి ఆ ఊళ్లో ఎవరుంటున్నారో తెలియదు.

చివరిసారి వెళ్లినప్పుడు ఆర్నె గారు రిటైరై, వాళ్లమ్మ ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. మధ్యాహ్నమే చీకటి. అలవాటుకొద్దీ కార్డు తీసి, ఈ ఇంట్లో వండేది ఎవరు సార్ అన్నాను. పొయ్యి ముందు నిలబడ్డ మనిషి గరిటె ఎత్తి చూపించారు. చాయ్ పోసి ఇచ్చారు. ఒక గుక్క తాగి చక్కెర డబ్బా కోసం చెయ్యి చాపాను.

నా చేతిమీద గరిటెతో ఒక్కటి వేసి, అచ్చం రాయచోటి యాసలో అన్నారు.

"ఎయ్యొద్దు."